వరంగల్ చుట్టుపక్కల అడవుల్లో సీతాకోకచిలుకలు: తరచుగా అడిగే ప్రశ్నలు

పాకాల కట్ట మీదనో, తాడ్వాయి రోడ్డు పక్కనో కెమెరా మెడకేసుకొని పొదల్లోకి వంగి చూస్తుంటే వచ్చీపోయేవాళ్లు బండి ఆపి అడుగుతారు. మొదటి ప్రశ్న ఎప్పుడూ ఒక్కటే: "ఏం కనిపించింది సార్, పులా?" సీతాకోకచిలుక అనగానే కొందరు నవ్వి వెళ్లిపోతారు. ఇంకొందరు బండి స్టాండ్ వేసి దిగుతారు. అలా దిగినవాళ్లు ఇన్నేళ్లుగా అడిగినవే ఈ ప్రశ్నలు.

మనవి ఉష్ణమండల అడవులేనా? టీవీలో చూపించే అమెజాన్‌లా లేవు కదా?

ఉష్ణమండల అడవులే. కాకపోతే వాన అడవులు కావు, ఆకురాల్చే అడవులు. ఏటూరునాగారం, తాడ్వాయి, పాకాల, గోదావరి అవతల కవ్వాల్, అన్నింటా టేకు, నల్లమద్ది, చిరుమాను, తునికి, ఇప్ప, మోదుగ, వెదురు. ఏడాది మొత్తం మీద పడే వానలో ఎక్కువ భాగం జూన్ నుంచి సెప్టెంబరు లోపే పడిపోతుంది. ఫిబ్రవరి, మార్చి వచ్చేసరికి కాలి కింద ఎండుటాకు గలగలలే. అమెజాన్ సీతాకోకచిలుకకు ఏ నెలలోనైనా లేత ఆకు దొరుకుతుంది. మన దానికి ఆ సుఖం లేదు. నాలుగైదు నెలల్లో గుడ్డు పెట్టాలి, గొంగడి పురుగు పెరగాలి, రెక్కలు రావాలి, మిగతా ఏడాదంతా ఎలాగో గట్టెక్కాలి. ఇక్కడి సీతాకోకచిలుకల గురించి ఏ ప్రశ్న అడిగినా జవాబు చివరికి ఈ లెక్క దగ్గరికే వస్తుంది.

మొత్తం ఎన్ని రకాలున్నాయి?

ప్రపంచంలో సుమారు 18,000 జాతులు. మన దేశంలో 1,300 పైచిలుకు. వాటిలో సగానికి పైగా ఈశాన్య రాష్ట్రాల్లో కనిపిస్తాయి, పశ్చిమ కనుమల్లో 330కి పైగా. పెరూ, కొలంబియాలు చెరో 3,000 దాటాయి. ఆ అంకెల ముందు మన అడవి పేదదే, దాచాల్సిన పని లేదు. కానీ అక్టోబరులో మబ్బు లేని ఉదయం పాకాలలో నాలుగు గంటలు నడిస్తే నా నోట్‌బుక్‌లో ముప్పై పేర్లు దాటిన రోజులున్నాయి. అదే రోజు సాయంత్రం హన్మకొండలో మా కాలనీలో లెక్కపెడితే ఆరో ఏడో.

ఇన్ని ఇంగ్లిష్ పేర్లేంటి? తెలుగు పేర్లు లేవా?

ఊళ్లో అన్నీ సీతాకోకచిలుకలే. జాతికో పేరు పెట్టుకునే అవసరం మనకు రాలేదు. ఇంగ్లిష్ పేర్లేమో బ్రిటిష్ కాలం దర్బారు వాసన కొడుతుంటాయి: రాజా, నవాబ్, బ్యారన్, కమాండర్, సార్జెంట్, లాస్కర్. తెలుగులో కొత్త పేర్లు పెట్టే ప్రయత్నాలు మంచివే. కానీ పుస్తకంలో ఒకటి, నోట్లో ఒకటి ఉంటే గుర్తుపట్టడం కష్టమని నేను ఈ పేర్లనే తెలుగు లిపిలో రాస్తున్నాను.

అడవిలోకి వెళ్లాం, ఒక్కటీ కనబడలేదు. ఎక్కడ వెతకాలి?

చాలామంది దట్టమైన అడవి మధ్యలోకి పోతారు. అక్కడ నీడ ఎక్కువ, పూలు తక్కువ. సీతాకోకచిలుక చల్లని రక్తం జీవి. ఒళ్లు వేడెక్కితే తప్ప ఎగరలేదు. అందుకే పొద్దున్నే రెక్కలు పరిచి ఎండ కాగుతుంది. ఎండా నీడా కలిసే చోటు చూడండి: బండ్ల బాట అంచు, చెరువు కట్ట, అడవికీ చేనుకూ మధ్య కంచె, వాగు ఒడ్డు. పాకాల కట్ట నాకు ఇష్టం కావడానికి కారణం ఇదే. కాకతీయుల కాలంలో కట్టిన కట్ట, ఒక పక్క నీళ్లు, ఇంకో పక్క అడవి, మధ్యలో ఎండ. కట్ట దిగువన తడి తగిలే చోట నీటి గొబ్బి మొక్కలుంటే వాటి చుట్టూ గ్రే ప్యాన్సీ, పీకాక్ ప్యాన్సీ ఉంటాయి.

వెదురు పొదల్లోకి వెళ్తే లోకం మారిపోతుంది. అక్కడివి గోధుమ రంగువి, పూల జోలికి పెద్దగా రావు. మీ అడుగు పడ్డాక లేచి, నాలుగు గజాలు ఎగిరి, మళ్లీ ఎండుటాకుల్లో కలిసిపోతాయి. బ్యాంబూ ట్రీబ్రౌన్ పురుగు వెదురు ఆకే తింటుంది. కామన్ ఈవెనింగ్ బ్రౌన్ కూడా నేల మీదే ఉంటుంది. మసకచీకటి పడ్డాక బయటికొస్తుంది, అప్పుడప్పుడు ఇంట్లో ట్యూబ్‌లైట్ దగ్గరికీ వస్తుంది. దాని పురుగు వరి ఆకు, గడ్డి తింటుంది కాబట్టి పొలమున్న ప్రతివాడికీ అది పరిచయమే, పేరే తెలియదు.

తలెత్తి చూడాల్సినవి వేరే. బ్లాక్ రాజా, కామన్ నవాబ్ వంటివి చెట్ల పైకొమ్మల్లో బాణంలా తిరుగుతాయి. చింతచెట్టు బ్లాక్ రాజా పురుగుకు తిండి. ఇవి పూల మీద వాలవు. కుళ్లిన పండు, చెట్టు కారే రసం, పేడ, చివరికి నక్క పెంట, వీటి ఇష్టాలు ఇవీ. అందమైనదాన్ని ఇలాంటి చోట చూసి కొందరు మొహం ముడుచుకుంటారు. దానికి మాత్రం అదే విందు.

గుట్ట మీద గుడి ఉంటే మధ్యాహ్నం పైకెక్కి చూడండి. కొన్ని జాతుల మగవి ఎత్తైన చోటు పట్టుకొని ఆడవాటి కోసం కాపలా కాస్తాయి, మధ్యలో వచ్చిన ప్రతిదాన్నీ తరుముతాయి.

వాగు ఇసుక మీద గుంపులు గుంపులుగా వాలతాయి. నీళ్లు తాగుతాయా?

నీళ్ల కోసం కాదు, ఉప్పు కోసం. పూల తేనెలో చక్కెర ఉంటుంది గానీ సోడియం దాదాపు ఉండదు. తడి ఇసుకలో, బురదలో, పశువుల మూత్రం పడ్డ చోట అది దొరుకుతుంది. గుంపులో ఉన్నవి దాదాపు అన్నీ మగవే. అలా పోగేసిన ఉప్పును కలయిక సమయంలో ఆడదానికి అందిస్తాయి. అది గుడ్లకు బలం.

వేసవి చివర, తొలకరికి కాస్త ముందు, ఇలాంటి తడి చోట్ల స్పాట్ స్వోర్డ్‌టెయిల్ గుంపు కనబడితే అదృష్టమే. తెల్లని రెక్కల మీద నల్లని చారలు, వెనక కత్తిలాంటి పొడవు తోక. సీతాఫలం కుటుంబానికి చెందిన అడవిచెట్ల ఆకు దాని పురుగు తిండి. నెలల తరబడి ప్యూపాగా, అంటే పురుగుకూ రెక్కలకూ మధ్య కదలకుండా ఉండే దశలో, నేల దగ్గర దాక్కొని, వానల వాసన తగిలే రోజుల్లో బయటికొస్తుంది. కొన్ని వారాలు కళకళలాడి మాయమవుతుంది.

మేడారం జాతర రోజుల్లో జంపన్నవాగులో ఇసుక రేణువు కనబడదు, అంతా జనమే. జనం పలచబడి, చెత్త ఎత్తేశాక ఎగువకు కిలోమీటరు నడిస్తే తడి ఇసుక మీద ఎమిగ్రెంట్ సీతాకోకచిలుకలు పసుపు కాగితాలు చింపి పోసినట్టు కూర్చొని ఉంటాయి.

ఎండాకాలం ఇవన్నీ ఎటు పోతాయి?

తలో దారి. కొన్ని ప్యూపాగానే ఆగిపోతాయి. కొన్ని ఎదిగిన రూపంలోనే వాగు ఒడ్డు నీడల్లో దాక్కొని, గుడ్లు పెట్టడం వాయిదా వేసి, వానలు పడేదాకా రోజులు నెట్టుకొస్తాయి. బ్లూ టైగర్, క్రో జాతులు దక్షిణాదిలో రుతువును బట్టి గుంపులుగా వలసపోతాయి. ఎమిగ్రెంట్ అన్న పేరే వలసదారని.

అన్నింటికన్నా నన్ను ఆశ్చర్యపరిచేది వేషం మార్చే రకం. ఈవెనింగ్ బ్రౌన్‌నే తీసుకోండి. వానాకాలంలో పుట్టినదాని రెక్క అడుగున వరుసగా కళ్లలాంటి చుక్కలుంటాయి. పిట్ట పొడిస్తే ఆ చుక్క మీద పొడుస్తుంది, ప్రాణం దక్కుతుంది. ఎండాకాలం దానికి ఆ చుక్కలు దాదాపు ఉండవు, అచ్చం ఎండుటాకు. ఎండుటాకుల మధ్య కళ్లు మెరిస్తే దొరికిపోతుంది కదా! తల్లి ఒకటే, జాతి ఒకటే. పురుగు పెరిగే రోజుల్లో వాతావరణాన్ని బట్టి ఏ వేషమో తేలిపోతుంది. పీకాక్ ప్యాన్సీలోనూ ఇలాగే వానాకాలం రూపం, ఎండాకాలం రూపం వేరు. మొదట్లో నేను రెండింటినీ రెండు జాతులుగా రాసుకున్నాను. ఆ పేజీ ఇప్పటికీ ఉంది.

ఏ చెట్టుకు ఏ సీతాకోకచిలుక?

ఇదే అసలు ప్రశ్న. పూలకొచ్చే ఎదిగిన సీతాకోకచిలుక దాదాపు ఏ పూల మీదైనా వాలుతుంది, దానికి పట్టింపు తక్కువ. పట్టింపంతా పురుగుకే. చాలా జాతుల పురుగులు ఒకటి రెండు రకాల ఆకులు తప్ప ముట్టవు, ఆకలితో చస్తాయి గానీ వేరేది తినవు. తల్లి ఆకు మీద వాలి కాళ్లతో రుచి చూస్తుంది. సరైన ఆకు అని తేలితేనే గుడ్డు. అందుకే నేను సీతాకోకచిలుకలను వెతకడం మానేసి మొక్కలను వెతకడం మొదలుపెట్టాను. అప్పటి నుంచే ఎక్కువ కనబడుతున్నాయి.

మన రాష్ట్ర పుష్పం తంగేడుతో మొదలుపెడదాం. బతుకమ్మ కోసం తంగేడు కోసేటప్పుడు ఆకు అడుగున చూడండి, సన్నని పచ్చపురుగు ఉంటే అది ఎమిగ్రెంట్‌ది కావచ్చు. రేల చెట్టు కూడా వీటికే. రేగు చెట్టు మీద కామన్ పియెరో, తెల్లటి రెక్కల మీద నల్లని చుక్కలతో చిన్న బొట్టుబిళ్లలా ఉంటుంది. ఆముదం ఆకు, దురదగొండి కామన్ క్యాస్టర్‌కు. దురదగొండిని మనం ముట్టుకోలేం, ఆ పురుగు హాయిగా నములుతుంది. మామిడి ఆకు నడి ఈనె మీద పడుకున్న ముళ్ల పురుగు కామన్ బ్యారన్. ఈనె మీద నుంచి పక్కకు జరిపితే తప్ప కనబడదు. మామిడికి పట్టే బదనికను రైతు తిట్టుకుంటాడు, కామన్ జెజెబెల్ మాత్రం ఆ బదనిక లేకపోతే లేదు. ఈత, తాటి, కొబ్బరి ఆకు కామన్ పామ్‌ఫ్లైకి. ఇళ్ల గేట్ల ముందు నిటారుగా పెంచే అశోక చెట్టు, అసలు పేరు నరమామిడి, టెయిల్డ్ జేకు తిండి. అపార్ట్‌మెంట్ నాలుగో అంతస్తులో పచ్చచుక్కల సీతాకోకచిలుక గిరగిరా తిరుగుతుంటే అదే. తునికాకు మీద బ్యారనెట్ ఉంటుంది, ఇటుక రంగుది, మన అడవిలో నేల దగ్గరగా ఎగురుతూ కనిపిస్తుంది.

ఈశ్వరి తీగ సంగతి కొంచెం ఇబ్బందిగానే చెబుతున్నాను. మా పాత ఇంటి గోడకు ఓ తీగ పాకి ఉండేది. పిచ్చితీగ అనుకొని దసరా ముందు వేళ్లతో సహా పీకి పారేశాను. మరుసటి ఏడు కామన్ రోజ్, క్రిమ్సన్ రోజ్ రెండూ ఇంటి దగ్గర ఆగడం మానేశాయి. రెండింటి పురుగులూ ఈశ్వరి, గాడిదగడపాకు కుటుంబం ఆకులే తింటాయని తర్వాత తెలిసింది. మళ్లీ నాటడానికి ఆ తీగ కోసం మూడు ఊళ్లు తిరిగాను.

కరివేపాకు చెట్టు మీద పురుగులు పడ్డాయి. మందు కొట్టాలా?

వద్దు. పిట్ట రెట్టలా నలుపు తెలుపు కలిసి ఉన్నది, తర్వాత పచ్చగా బొద్దుగా మారేది కామన్ మార్మన్ లేదా లైమ్ పురుగు. వేలు తగిలిస్తే తల వెనక నుంచి ఎర్రని కొమ్ముల్లాంటివి చాచి ఘాటు వాసన వదులుతుంది. కుట్టదు, కరవదు. చెట్టు కొంచెం పెద్దదైతే ఐదారు పురుగులు తిన్నా మళ్లీ చిగురిస్తుంది. చారెడు మొక్కే ఉండి, పప్పు పోపుకు ఆకు మిగలదనుకుంటే రెండు పురుగులు ఉంచి మిగతావాటిని నిమ్మ చెట్టు మీదికో మారేడు మీదికో మార్చండి.

గొంగడి పురుగు ముట్టుకుంటే దురద పుడుతుంది కదా?

మునగచెట్టు మొదట్లో గుంపులుగా పట్టే వెంట్రుకల పురుగులు రాత్రిపూట దీపాల చుట్టూ తిరిగే రెక్కల పురుగులవి, అంటే మాత్‌లవి. దురద వాటితోనే. సీతాకోకచిలుకల పురుగుల్లో ముళ్లున్నవి ఉన్నా మనకు హాని చేసేవి దాదాపు లేవు. రెక్కల పొడి కంట్లో పడితే కళ్లు పోతాయని చిన్నప్పుడు మా నాయనమ్మ బెదిరించేది. అది సన్నని పొలుసుల పొడి, రంగంతా అందులోనే. కంట్లో పడితే ఏ దుమ్మయినా మండుతుంది, అంతే.

మరి వాటికి విషం ఉంటుందంటారు?

పిట్టలకు, మనకు కాదు. ప్లెయిన్ టైగర్ పురుగు జిల్లేడు ఆకు తిని, అందులోని విషాన్ని ఒంట్లో దాచుకుంటుంది. ఒకసారి నోట పెట్టిన పిట్ట కక్కుకొని, ఆ రంగును గుర్తుపెట్టుకుంటుంది. అందుకే ప్లెయిన్ టైగర్ తొందరపడదు, షికారుకొచ్చినట్టు ఎగురుతుంది. ఈ రంగు పరపతిని అరువు తెచ్చుకున్నవీ ఉన్నాయి. గంగవాయిలి కూర తిని పెరిగే డేనయిడ్ ఎగ్‌ఫ్లైలో ఆడది అచ్చం ప్లెయిన్ టైగరే. మగది మాత్రం నల్లని రెక్కలు, తెల్లని చందమామలు, పోలికే ఉండదు. కామన్ మార్మన్‌లో కొన్ని ఆడవి కామన్ రోజ్‌లా, కొన్ని క్రిమ్సన్ రోజ్‌లా వేషం కడతాయి, కొన్ని మగదానిలాగే ఉంటాయి. ఒళ్లు ఎర్రగా ఉంటే రోజ్, నల్లగా ఉంటే మార్మన్. ఫొటో తీసేటప్పుడు ఒంటిని కూడా తీయండి అని అందరికీ చెప్పేది ఇందుకే.

ఎండిన కాయలు గలగలమనే గిలిగిచ్చ మొక్క మీద టైగర్‌లు గుంపుగా వేలాడుతుంటే పూల కోసం అనుకోకండి. మగవి ఆ మొక్కలోని ఒక రకం రసాయనాన్ని పీల్చుకుంటాయి. అది రక్షణకూ, ఆడదాన్ని ఆకర్షించే వాసనకూ పనికొస్తుంది.

మహాదేవపూర్ దసలి పట్టు పురుగు సీతాకోకచిలుకేనా?

కాదు, అది మాత్. మద్ది చెట్ల మీద పెంచే దసలి పురుగు గట్టి పట్టుగూడు కడుతుంది. సీతాకోకచిలుకల ప్యూపా మామూలుగా పట్టుగూడు లేకుండా, ఆకుకో కొమ్మకో వేలాడుతుంది. గన్నేరు ఆకు కింద కామన్ క్రో ప్యూపా వెండి జుంకాలా మెరుస్తుంది. ఇంకో సులువు గుర్తు: సీతాకోకచిలుక మీసం చివర చిన్న గుండు ఉంటుంది, మాత్‌కు ఈకలానో దారంలానో ఉంటుంది.

ఎన్ని రోజులు బతుకుతాయి?

గుడ్డు నాలుగైదు రోజులు, పురుగు రెండు మూడు వారాలు, ప్యూపా వారం పది రోజులు, రెక్కలొచ్చాక రెండు నుంచి నాలుగు వారాలు. ఎండాకాలాన్ని దాటేవి నెలల తరబడి ఉంటాయి.

టేకు తోటలు పెంచితే చాలదా? అదీ అడవే కదా?

లెక్కలో పచ్చదనమే. కానీ ఒకే చెట్టు, కింద ఖాళీ నేల. టేకు ఆకును జల్లెడ చేసేవి మాత్‌ల పురుగులు, సీతాకోకచిలుకలకు అక్కడ పెద్దగా పని లేదు. తోట మధ్యలో తీగలు, తంగేడు, రేగు, తునికి పొదలను "క్లీనింగ్" పేరుతో కొట్టేయకుండా వదిలితే పరిస్థితి చాలా మారుతుంది. నాకు కోపం తెప్పించే మాట ఏదైనా ఉందంటే అది "పిచ్చి చెట్లు".

అడవి మంటల వల్ల వీటికి నష్టమా?

చాలా. మార్చి, ఏప్రిల్‌లో ఇప్పపువ్వు ఏరుకోవడానికి చెట్టు కింద ఆకు తగలబెడతారు. తునికాకు బాగా చిగురించాలని కూడా కొన్నిచోట్ల నిప్పు పెడతారు. ఆ ఎండుటాకుల్లోనే ప్యూపాలు, ఎండుటాకు వేషం వేసినవి దాక్కొని ఉంటాయి. ఏరుకునేవాళ్లను తిట్టి లాభం లేదు, తునికాకు కట్ట మీద వచ్చే డబ్బుతోనే వాళ్లకు వానాకాలం పెట్టుబడి. చెట్టు కింద ఆకును ఊడ్చి పక్కకు నెట్టినా పువ్వు ఏరుకోవచ్చు. తునికికి నిప్పు బదులు కొమ్మకొట్టుడు చాలు. కొమ్మ కొట్టాక వచ్చే లేత ఆకు బీడీకీ మంచిదే, బ్యారనెట్ పురుగుకూ మంచిదే.

2024లో తాడ్వాయి అడవిలో పెద్దగాలికి చెట్లు కూలాయి కదా, అక్కడ ఇక ఏమీ ఉండవా?

ఆ ఏడు ఆగస్టు 31న కొద్దిసేపట్లో వేలాది చెట్లు పడిపోయాయి. చూస్తే గుండె తరుక్కుపోతుంది. అయితే చెట్టు పడ్డ చోట నేలకు ఎండ తగులుతుంది, గడ్డి, తీగలు, పూల మొక్కలు ముందు లేస్తాయి. గ్రాస్ యెల్లో, ప్యాన్సీల వంటి ఎండ జాతులకు అది పండుగ. నీడ కోరే గోధుమ రంగువాటికీ, పైకొమ్మల్లో బతికేవాటికీ నష్టం. ఇలాంటి ఖాళీల్లో లంటానా అనే పరాయి ముళ్లపొద చొరబడకపోతే అడవి మెల్లగా మూసుకుంటుంది. లంటానా పూల మీద సీతాకోకచిలుకలు బాగా వాలతాయని దాన్ని వెనకేసుకొచ్చేవాళ్లున్నారు. తేనె ఇస్తుంది నిజమే, కానీ పురుగులు తినే మొక్కలను లేవనివ్వదు.

పత్తి చేల పక్కన ఎందుకు తగ్గిపోయాయి?

పురుగుమందు పచ్చపురుగునూ కామన్ మార్మన్‌నూ వేరు చేసి చూడదు. గాలికి కొట్టుకుపోయిన తుంపర గట్టు మీది జిల్లేడు, గడ్డిచామంతి మీద పడుతుంది. గట్ల మీద గడ్డిమందు కొడితే ఆ మొక్కలే ఉండవు. గడ్డిచామంతి చిన్న పువ్వే, పలక తుడవడానికి దాని ఆకు వాడిన తరానికి గుర్తుంటుంది. చేల దగ్గర తేనెకు దిక్కు అదే.

ఎప్పుడు వెళ్లాలి? పట్టుకోవచ్చా?

ఆగస్టు చివరి నుంచి నవంబరు దాకా, పొద్దున తొమ్మిది నుంచి పదకొండున్నర. ముసురు పట్టిన రోజు వద్దు. వాన వెలిసి ఎండ కాసిన మొదటి రోజు వదులుకోకండి. మీ నీడ దాని మీద పడకుండా పక్క నుంచి వెళ్లండి. పట్టుకోవడం మాత్రం వద్దు. అభయారణ్యంలో అనుమతి లేకుండా ఏ జీవినైనా పట్టడం నేరం, 1972 వన్యప్రాణి చట్టం కొన్ని సీతాకోకచిలుకలకు ప్రత్యేక రక్షణ కూడా ఇచ్చింది. ఫొటోలు ఐనేచురలిస్ట్ అనే వెబ్‌సైట్‌లో పెడితే గుర్తుపట్టడానికి సాయం దొరుకుతుంది. సెప్టెంబరులో దేశమంతా సీతాకోకచిలుకలను చూసి నమోదు చేసే బిగ్ బటర్‌ఫ్లై మంత్ జరుగుతుంది. ఆ నెలలో మన జిల్లాల నుంచి నాలుగు ఫొటోలు ఎక్కువ వెళ్తే సంతోషం.

బాల్కనీలో రెండు కుండీలే పెట్టగలను. ఏవి?

ఒకటి కరివేపాకు, రెండోది రణపాల. రణపాల ఆకు లోపల రెడ్ పియెరో పురుగు సొరంగం తవ్వుకుంటూ తింటుంది. ఆకు మసకబారితే పారేయకండి.

కల్లు తాగుతాయంటారు, నిజమా?

నిజమే. పులిసిన రసం వాసన బ్లాక్ రాజాకు దూరం నుంచే తెలుస్తుంది. పొద్దున ఈతచెట్టు మొదట్లో గౌడన్న లొట్టి దించుతుంటే కింద ఒలికిన చోట ఒకటి వాలింది. పది నిమిషాలు తొండం తీయలేదు. మామూలుగా మనిషి పదడుగుల దూరంలో ఉండగానే మాయమయ్యేది, ఆ రోజు వేలితో తాకినా కదల్లేదు. గౌడన్న చూసి, "దానికి పైసలు నువ్విస్తవా సారూ?" అన్నాడు.